వెలుగుబాట – జిమ్ థోర్ప్ జీవిత కథ

 

మన గోడపత్రికలో మహనీయుల జీవితాలకు ఒక మూల ఉంది. ఇప్పటిదాకా ఆ మూలలో కొమురం భీం, రాంజీ గోండు, అల్లూరి సీతారామరాజు గురించి మనవాళ్ళు మంచిగ రాసినారు. ఈసారి వంతు నాకు వచ్చింది. నేను ఒక ఆటగాని గురించి రాస్తున్నాను. ఆయన మన దేశం వాడు కాదు, అమెరికా వాడు. కాని అక్కడి ఆదివాసి. మన లెక్కనే ఇల్లు విడిచి దూరంగా హాస్టల్ బడిలో ఉండి చదివినవాడు. ఆ బడి మైదానంలోనే ఉరుకుడు నేర్చి, ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడు అనిపించుకున్నాడు. ఆయన పేరు జిమ్ థోర్ప్. చనిపోయి డెబ్బై ఏళ్ళు దాటింది. అయినా ఆయనకు జరిగిన అన్యాయం 2022లో గాని పూర్తిగా సరి కాలేదు. ఆ సంగతి చెప్పడానికే ఇంత కాగితం నింపుతున్నాను. ఓపికతో చదవండి.

ముందు ఆట గురించి

అమెరికా వాళ్ళు ఫుట్‌బాల్ అనేది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. మన దగ్గర బంతి గుండ్రంగా ఉంటది, కాలితో తంతం. అక్కడ బంతి కోడిగుడ్డు తీరు పొడుగ్గా ఉంటది, చేతుల్లో పట్టుకొని ఉరుకుతరు. జట్టుకు పదకొండు మంది. మైదానం పొడవు వంద గజాలు, అంటే మన లెక్కల సుమారు 91 మీటర్లు. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలె. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతయి, పోకుంటే బంతి అవతలి వాళ్ళది. అట్ల జరుపుకుంటూ పోయి అవతలి చివర గీత దాటిస్తే టచ్‌డౌన్. దానికి ఆరు పాయింట్లు. రెండు కంబాల నడుమ నుంచి బంతిని తన్ని దాటిస్తే మూడు పాయింట్లు.

ఇందులో బంతిని చంకలో పెట్టుకొని మనుషుల నడుమ నుంచి దూసుకుపోయేవాణ్ణి ఇప్పుడు రన్నింగ్ బ్యాక్ అంటారు. అప్పట్లో హాఫ్ బ్యాక్ అనేవారు. మన కబడ్డీతో పోల్చుకుంటే సులువుగా అర్థమైతది. కబడ్డీలో కూతకు పోయినోణ్ణి ఏడుగురు పట్టుకోను చూస్తరు. అక్కడ పదకొండు మంది మీద పడుతరు. కూతకు పోయినోడు గీత తాకి వెనుకకు రావాలె. రన్నింగ్ బ్యాక్ మాత్రం వెనుకకు తిరిగేది లేదు, ముందుకే పోవాలె. కాలుకు బలం, నడుముకు మెలిక, కంటికి చురుకు మూడూ ఉన్నోడే ఆ పని చెయ్యగలడు. జిమ్ థోర్ప్‌కు మూడూ ఉండె.

పుట్టుక, బాల్యం

జిమ్ థోర్ప్ 1887లో పుట్టాడు. ఆ ప్రాంతాన్ని ఇప్పుడు ఓక్లహోమా రాష్ట్రం అంటారు. అప్పుడు దాన్ని ఇండియన్ టెరిటరీ అనేవారు. తూర్పు దిక్కు అడవుల నుంచి, నదుల ఒడ్ల నుంచి వెళ్ళగొట్టిన ఎన్నో తెగలను తెచ్చి అక్కడ ఉంచారు. జిమ్‌ది శాక్ అండ్ ఫాక్స్ తెగ. తల్లి వైపు పొటవాటొమీ తెగ. తెగ భాషలో ఆయనకు పెట్టిన పేరు వా-థో-హక్. వెలుగు పడిన బాట అని దాని అర్థం చెప్తారు. అందుకే ఈ వ్యాసానికి ఆ పేరు పెట్టాను.

ఆయన నాలుగేళ్ళ పిల్లవాడుగా ఉన్నప్పుడు, 1891లో, సర్కారు ఆ తెగ భూమిని ముక్కలు చేసి మనిషికింత అని పంచి, మిగిలినదంతా బయటివాళ్ళకు తెరిచింది. ఒక్కరోజులో గుర్రాల మీద, బండ్ల మీద వేలమంది వచ్చి పడి జాగలు పట్టుకున్నారు. ఈ ముచ్చట మన ఊర్లల్ల ముసలోళ్ళకు చెప్తే ఆశ్చర్యపోరు. మా ఊర్ల కూడ గిట్లనే అయింది బిడ్డా అంటరు.

జిమ్‌కు చార్లీ అనే కవల తమ్ముడు ఉండేవాడు. ఇద్దరూ కలిసి చేపలు పట్టేవారు, వేటకు పోయేవారు, గుర్రాల వెంట ఉరికేవారు. ఇద్దర్నీ తెగ పిల్లల బడిలో వేశారు. చార్లీకి తొమ్మిదేళ్ళ వయసులో నిమోనియా వచ్చి చనిపోయాడు. అప్పటి నుంచి జిమ్‌కు బడి పడలేదు. మాటిమాటికి పారిపోయి ఇంటికి వచ్చేవాడు. ఒక కథ చెప్తారు. ఒకసారి తండ్రి ఆయనను బడి దాకా తీసుకుపోయి వదిలి, వచ్చిన బాటనే తిరుగు ప్రయాణం కట్టాడట. జిమ్ అడ్డబాటన ఉరికి తండ్రి కన్నా ముందే ఇల్లు చేరాడట. ఇది ఎంతవరకు నిజమో గాని, మన దగ్గర కొత్తగా చేరిన మూడో తరగతి పిల్లలకు చెప్తే మాత్రం మస్తు సంతోషపడుతరు. వార్డెన్ సార్ మన్నించాలె.

తరువాత ఆయనను ఇంకా దూరంగా, కాన్సస్ రాష్ట్రంలోని హాస్కెల్ అనే ఆదివాసి హాస్టల్ బడికి పంపారు. కొన్నేళ్ళకు తల్లి చనిపోయింది. 1904లో ఆయన పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ బడిలో చేరాడు. చేరిన కొద్ది కాలానికే తండ్రి కూడా పోయాడు. పదిహేడేళ్ళకే తల్లి లేదు, తండ్రి లేడు, తోడబుట్టిన కవల లేడు. ఇల్లు వందల మైళ్ళ దూరంలో ఉంది.

కార్లైల్ బడి

ఈ బడి గురించి మనం ప్రత్యేకంగా తెలుసుకోవాలి, ఎందుకంటే ఇదీ మన బడి లాంటిదే, కాదు కూడా.

కార్లైల్ బడిని 1879లో ప్రాట్ అనే సైనికాధికారి పెట్టాడు. పాత సైనిక బ్యారకుల్లోనే పిల్లలను ఉంచాడు. వందకు పైగా తెగల నుంచి వేలమంది పిల్లలు అక్కడికి వచ్చారు. కొందరిని తల్లిదండ్రులు ఒప్పుకొని పంపారు, కొందరిని బలవంతంగా తెచ్చారు. పిల్లవాడు రాగానే జడలు కత్తిరించేవారు. ఇంటి బట్టలు తీసివేసి సైనికుల యూనిఫారం వేసేవారు. తెగ పేరు తీసేసి ఇంగ్లీషు పేరు పెట్టేవారు. తన భాష మాట్లాడితే శిక్ష. సగం రోజు చదువు, సగం రోజు వడ్రంగం, కమ్మరం, కుట్టుపని, వ్యవసాయం. సెలవులకు కూడా ఇంటికి పంపకుండా చాలామందిని తెల్లవాళ్ళ పొలాలకు, ఇళ్ళకు పనికి పంపేవారు. పిల్లవాడిలోని ఆదివాసిని లేకుండా చేస్తేనే వాడు మనిషి అవుతాడని ప్రాట్ నమ్మకం. క్షయ, ఇతర రోగాలతో ఎందరో పిల్లలు అక్కడే చనిపోయారు. ఆ బడి పక్కన దాదాపు 180 సమాధులు ఉండేవి. 2017 నుంచి అక్కడి సైన్యం ఆ పిల్లల ఎముకలను తవ్వి తీసి, ఒక్కొక్కరిని వారి తెగలకు అప్పగిస్తున్నది. వంద ఏళ్ళు దాటినాక పిల్లలు ఇంటికి పోతున్నారు.

మన జిల్లాలో గిరిజన చదువు వేరే తీరుగా మొదలైంది. 1940లో కొమురం భీం జోడేఘాట్‌లో అమరుడైన తరువాత, ఈ తిరుగుబాటు ఎందుకు వచ్చిందో తెలుసుకొమ్మని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ దొరను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించాడు. మొదటి పాఠాలు గోండీలోనే చెప్పేట్టు వాచకాలు తయారు చేయించాడు. అంటే కార్లైల్ పిల్లవాడి నోట్లోంచి భాషను తీసేస్తే, మార్లవాయి పిల్లవాడి భాషలోనే అక్షరం పెట్టింది. ఈ రెండు బాటల్లో ఏది మంచిదో నేను చెప్పనక్కర లేదు. అయితే ఈ రోజు కూడా గోండీ, కోలామీ తప్ప వేరే మాట రాని చిన్న పిల్లలు బడిలో చేరి మొదటి నెలంతా నోరు మెదపకుండా కూర్చోవడం మనం చూస్తూనే ఉన్నాం. వాళ్ళతో వాళ్ళ భాషలో రెండు మాటలు మాట్లాడండి. దానికి ఖర్చేమీ లేదు.

మైదానంలో అడుగు

1907 ఎండాకాలం ముందర. కార్లైల్ మైదానంలో పెద్ద పిల్లలు హైజంప్ సాధన చేస్తున్నారు. కర్ర ఐదడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తున ఉంది. ఒక్కరికీ దాటరావడం లేదు. జిమ్ అటుగా పోతూ, నేను దూకి చూడవచ్చా అని అడిగాడు. ఒంటి మీద పనిబట్టలు, కాళ్ళకు బరువు బూట్లు. దూకి దాటి, తన దారిన తాను పోయాడు. అది బడి రికార్డని మరునాడు గాని తెలియలేదు. గ్లెన్ వార్నర్ అనే కోచ్ ఆయనను పిలిపించి జట్టులో చేర్చుకున్నాడు.

అయితే వార్నర్‌కు ఆయనను ఫుట్‌బాల్ ఆడించడం ఇష్టం లేదు. మంచి దూకేవాడు, కాలు విరిగితే ఎట్లా అని భయం. జిమ్ విడవకుండా అడిగాడు. సరే చూద్దామని వార్నర్ బంతి ఆయన చేతికిచ్చి, జట్టు మొత్తాన్ని పట్టుకోవడానికి నిలబెట్టాడు. నాలుగు దెబ్బలు తగిలితే బుద్ధి వస్తదని ఆయన లెక్క. జిమ్ ఆ చివరి దాకా ఉరికి, ఒక్కరికీ దొరకకుండా నవ్వుకుంటూ తిరిగి వచ్చాడు. మళ్ళీ ఉరుకమంటే మళ్ళీ అట్లనే ఉరికాడు. ఆ రోజు నుంచి ఆయన కార్లైల్ హాఫ్ బ్యాక్.

మనిషి ఆరడుగుల పైచిలుకు, బరువు సుమారు 84 కిలోలు. సూటిగా ఉరికేటప్పుడు గుర్రంలా ఉరికేవాడు. ఎదుటివాడు మీదికి వస్తే ఒక తుంటి చూపించి, వాడు పట్టుకోబోయేలోపు తీసేసుకునేవాడు. కూతకు పోయినోడు కాలు చూపించి గుంజుకుంటడు చూడండి, గట్ల. తప్పించుకునే జాగ లేకుంటే భుజం పెట్టి గుద్దుకొని పోయేవాడు. అంతే కాదు, బంతిని తన్నడం, విసరడం, అవతలివాణ్ణి పడగొట్టడం అన్నీ చేసేవాడు. ఇప్పుడు ఆ పనులకు వేరువేరు మనుషులు ఉంటారు. అప్పుడు ఆట మొదటి నుంచి చివరి దాకా అదే పదకొండు మంది ఆడాలి.

1911 నవంబరు 11న కార్లైల్ జట్టు హార్వర్డ్ విశ్వవిద్యాలయంతో ఆడింది. హార్వర్డ్ అంటే అమెరికాలో గొప్పింటి పిల్లల చదువుల ఇల్లు. ఈ ఆదివాసి బడిపిల్లలకు ఇంతమంది ఎందుకని హార్వర్డ్ మొదట తన రెండో వరుస ఆటగాళ్ళను దింపింది. జిమ్ కాళ్ళకు దెబ్బలు తగిలి కట్లు కట్టి ఉన్నాయి. ఆ కాళ్ళతోనే నాలుగుసార్లు బంతిని కంబాల నడుమ నుంచి తన్నాడు. చివరిది 40 గజాలకు పైనుంచి తన్నింది. హార్వర్డ్ అసలు ఆటగాళ్ళు దిగేసరికి ఆలస్యమైంది. కార్లైల్ 18, హార్వర్డ్ 15.

మరుసటి ఏడు, 1912 నవంబరు 9న, వెస్ట్ పాయింట్‌లో అమెరికా సైనిక అకాడమీ జట్టుతో ఆట. ఇది వట్టి ఆట కాదు. ఊండెడ్ నీ అనే చోట సైన్యం లకోటా తెగ వాళ్ళను, ఆడవాళ్ళతో పిల్లలతో సహా, వందల మందిని కాల్చి చంపి అప్పటికి ఇరవై రెండేళ్ళే. ఇప్పుడు సైనికాధికారులు కాబోయేవాళ్ళు ఒక పక్క, ఆదివాసి పిల్లలు ఒక పక్క, నడుమ ఒక బంతి. ఆ రోజు సైన్యం జట్టులో ఐసన్‌హోవర్ అనే యువకుడు కూడా ఆడాడు. తరువాత 1953లో అమెరికా అధ్యక్షుడైంది ఆయనే. జిమ్‌ను ఆపడం ఆయన వల్ల కూడా కాలేదు. కార్లైల్ 27, సైన్యం 6. ఆ ఒక్క ఏడాదిలోనే జిమ్ 25 టచ్‌డౌన్లు, 198 పాయింట్లు చేసినట్టు లెక్కలు చెప్తున్నాయి.

స్టాక్‌హోం ఒలింపిక్స్

ఈ రెండు ఫుట్‌బాల్ ఆటల నడుమ వచ్చిన ఎండాకాలంలో జిమ్ ఓడ ఎక్కి స్వీడన్ పోయాడు. 1912 ఒలింపిక్స్ స్టాక్‌హోంలో జరిగాయి. పెంటాథ్లాన్ అంటే ఐదు పోటీలు కలిపి ఒకటి. డెకాథ్లాన్ అంటే పది పోటీలు కలిపి ఒకటి. ఉరుకుడు, దూకుడు, విసురుడు అన్నీ అందులో ఉంటయి. ఒక్కదాంట్ల మొనగాడైతే సరిపోదు.

పెంటాథ్లాన్‌లో ఐదింటిలో నాలుగు జిమ్ గెలిచాడు. జావెలిన్‌లో మాత్రం మూడోవాడుగా వచ్చాడు. తరువాత మూడు రోజులు డెకాథ్లాన్. పోటీకి ముందు ఆయన బూట్లు పోయాయని, ఎవరో పారేసిన రెండు జతకాని బూట్లు వేసుకొని, ఒకటి పెద్దదైతే దాంట్లో ఎక్కువ మేజోళ్ళు తొడిగి ఆడాడని చెప్తారు. రెండు కాళ్ళకు రెండు రకాల మేజోళ్ళు, బూట్లతో ఆయన నిలబడ్డ ఫోటో ఇప్పటికీ ఉంది. హైజంప్‌లో 1 మీటరు 87 సెంటీమీటర్లు దూకాడు. చిట్టచివరి పోటీ 1500 మీటర్ల పరుగు. మూడు రోజుల అలసట మీద 4 నిమిషాల 40 సెకన్లలో ఉరికాడు. రెండోవాడైన స్వీడన్ ఆటగాడు వీస్లాండర్ కన్నా దాదాపు 700 పాయింట్లు ఎక్కువ. స్వీడన్ రాజు ఐదో గుస్తావ్ తన చేతులతో బహుమతులిచ్చి, లోకంలో ఇంత గొప్ప ఆటగాడు లేడని మెచ్చుకున్నాడు.

అదే ఒలింపిక్స్‌లో కార్లైల్ బడికే చెందిన హోపీ తెగ యువకుడు లూయిస్ టెవానిమా 10,000 మీటర్ల పరుగులో వెండి పతకం గెలిచాడు. ఒక్క హాస్టల్ బడికి ఎన్ని పతకాలో చూడండి. న్యూయార్క్ వీధుల్లో జిమ్‌ను ఊరేగించారు, మేడల మీద నుంచి కాగితపు ముక్కలు చల్లారు. అయితే ఒక సంగతి మరువొద్దు. అమెరికాలో ఆదివాసులందరికీ ఆ దేశ పౌరసత్వం 1924లో గాని రాలేదు. వారి పేరు మీద దేశం పతకాలు లెక్కబెట్టుకున్న నాటికి, ఎంతోమంది ఆదివాసులు సొంత నేల మీద పౌరులు కారు.

పతకాలు గుంజుకున్నారు

1913 జనవరిలో ఒక పత్రికలో వార్త వచ్చింది. జిమ్ 1909, 1910 ఎండాకాలాల్లో నార్త్ కరోలినా రాష్ట్రంలో చిన్న చిన్న జట్లలో డబ్బులు తీసుకొని బేస్‌బాల్ ఆడాడని. ఆ కాలంలో ఆటకు పైస తీసుకున్నవాడు ఒలింపిక్స్‌లో ఆడరాదు. జిమ్ తీసుకున్నది కూలిపాటి డబ్బు. కాలేజీల్లో చదివే తెల్ల పిల్లలు ఎంతోమంది సెలవుల్లో అట్లనే ఆడేవారు. కాని వాళ్ళు దొంగ పేర్లు పెట్టుకొని ఆడేవారు. జిమ్ సొంత పేరుతోనే ఆడాడు. దాచిపెట్టాలనే ఆలోచనే ఆయనకు రాలేదు.

ఆయన నిజం ఒప్పుకుంటూ ఉత్తరం రాశాడు. క్షమించమన్నాడు. తెలిసిన పెద్దలు, కోచ్ వార్నర్‌తో సహా, తమకు ఏమీ తెలియదన్నారు. పేర్లు పుస్తకాల్లోంచి కొట్టేశారు, పతకాలు వెనుకకు తీసుకున్నారు. రెండో స్థానంలో వచ్చిన నార్వే ఆటగాడు బీ, స్వీడన్ ఆటగాడు వీస్లాండర్ ఇద్దరికీ అవి తీసుకోవడం మనసొప్పలేదు. అసలు గెలిచింది థోర్ప్ అని వాళ్ళకు తెలుసు.

ఇప్పుడు అసలు ముచ్చట వినండి. ఆ ఒలింపిక్స్‌కు ఒక నియమావళి పుస్తకం ఉంది. ఎవరి మీదనైనా అభ్యంతరం ఉంటే ఆటలు ముగిసిన 30 రోజుల్లోపు చెప్పాలని అందులో రాసి ఉంది. జిమ్ మీద ఫిర్యాదు వచ్చింది దాదాపు ఆరు నెలలకు. అంటే ఆ పుస్తకం ప్రకారమే పతకాలు గుంజుకోరాదు. ఆ ఒక్క వాక్యం చదివి చెప్పినవాడు లేడు. తల్లిదండ్రులు లేని ఆదివాసి పిల్లవాని తరఫున కాగితం ఎవరు చదువుతరు?

నాకు ఇక్కడ మన ఊర్లు గుర్తుకొచ్చినయి. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని 1959లో చట్టం వచ్చింది. 1970లో దాన్ని ఇంకా గట్టి చేశారు. మనవాళ్ళు దాన్నే 1/70 అంటరు. చట్టం ఉండంగనే ఎన్ని ఎకరాలు పోయినయో ఊర్లల్ల అడిగితే చెప్తరు. చట్టం కాగితం మీద ఉంటే చాలదు, దాన్ని చదివి అడిగేటోడు కూడా ఉండాలె.

మళ్ళీ బంతి పట్టుకున్నాడు

పతకాలు పోయినా జిమ్ మూలన కూర్చోలేదు. 1913 నుంచి 1919 దాకా పెద్ద జట్లలో బేస్‌బాల్ ఆడాడు. 1915లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ బుల్‌డాగ్స్ జట్టు ఆయనను ఫుట్‌బాల్‌కు పిలిచి ఆటకు 250 డాలర్లు ఇచ్చింది. ఆ రోజుల్లో అది చాలా పెద్ద సొమ్ము. జిమ్ ఆడుతున్నాడంటే జనం విరగబడి వచ్చేవారు. 1916, 1917, 1919లో ఆ జట్టే మొనగాడు జట్టు అయింది.

1920 సెప్టెంబరులో కాంటన్ పట్టణంలో ఒక కార్ల దుకాణంలో జట్ల యజమానులు కూడారు. కుర్చీలు చాలక కొందరు కార్ల మెట్ల మీద కూర్చున్నారు. అందరూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. దానికి మొదటి అధ్యక్షునిగా జిమ్ థోర్ప్‌ను ఎన్నుకున్నారు. ఆ సంఘమే తరువాత ఎన్.ఎఫ్.ఎల్. అయింది. ఇప్పుడు అందులో 32 జట్లు ఉన్నాయి, అమెరికాలో దాన్ని మించిన ఆట వ్యాపారం లేదు. దాని మొదటి అధ్యక్షుడు ఒక ఆదివాసి హాస్టల్ విద్యార్థి.

1922, 1923లలో జిమ్ అందరూ ఆదివాసులే ఉన్న ఊరాంగ్ ఇండియన్స్ అనే జట్టును నడిపాడు. దాని యజమాని కుక్కల వ్యాపారి. ఆట నడుమ విరామంలో ఆటగాళ్ళు విశ్రాంతి తీసుకోవాలి కదా? వీళ్ళు మాత్రం ఈకలు పెట్టుకొని నాట్యం చెయ్యాలి, కుక్కల విద్యలు చూపించాలి. దీపావళికి మన గూడేల్లో గుస్సాడీ నెమలి ఈకల టోపీ పెట్టుకునేది భక్తితో. దాన్నే ఒకడు టికెట్టు పెట్టి కుక్కల అమ్మకం కోసం ఆడమంటే ఎట్ల ఉంటది? కాని అప్పటి ఆదివాసి ఆటగాళ్ళకు ఒక్కచోట కూడి బతికే దారి అదే దొరికింది.

జిమ్ చివరి ఆట 1928లో ఆడాడు. అప్పటికి వయసు నలభై దాటింది.

చివరి రోజులు

మహనీయుల జీవితం రాసేటప్పుడు మంచే రాయాలంటారు. కాని దాచిపెడితే ఆయన కష్టం మీకు తెలియదు. ఆట అయిపోయినాక జిమ్ దగ్గర ఏమీ మిగలలేదు. మొదటి కొడుకు చిన్నతనంలోనే చనిపోయాడు. ఆ దుఃఖం ఆయనను విడవలేదు. తాగుడు అలవాటైంది. పెళ్ళిళ్ళు నిలవలేదు. 1930లలో అమెరికా అంతటా కరువు కాలం. జిమ్ రోజుకూలికి మట్టి తవ్వాడు. సినిమాల్లో చిన్న వేషాలు వేశాడు. ఆదివాసి వేషాలు ఆదివాసులకే ఇవ్వాలని అక్కడ కూడా కొట్లాడాడు.

1932లో లాస్ ఏంజెలెస్‌లోనే ఒలింపిక్స్ జరిగాయి. టికెట్టు కొనడానికి జిమ్ దగ్గర డబ్బులు లేవు. ఆ సంగతి తెలిసి ఉపాధ్యక్షుడు చార్లెస్ కర్టిస్ ఆయనను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కర్టిస్ కూడా తల్లి వైపు కా తెగ వాడు. జిమ్ వచ్చాడని తెలిసి స్టేడియం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

1950లో పత్రికల వాళ్ళు ఓట్లు వేసి, ఆ అర్ధ శతాబ్దంలో అందరికన్నా గొప్ప ఆటగాడు జిమ్ థోర్ప్ అని తేల్చారు. 1951లో ఆయన మీద సినిమా వచ్చింది. అదే ఏడు పెదవికి క్యాన్సర్ వస్తే వైద్యానికి పైసలు లేవు. 1953 మార్చి 28న కాలిఫోర్నియాలో గుండె ఆగి చనిపోయాడు.

సొంత నేల మీద పూడ్చాలని పిల్లలు, తెగ వాళ్ళు అనుకున్నారు. కాని మూడో భార్య దేహాన్ని తీసుకుపోయి, పెన్సిల్వేనియాలో రెండు చిన్న ఊర్లతో ఒప్పందం చేసుకుంది. ఆ రెండు ఊర్లు కలిసి 1954లో జిమ్ థోర్ప్ అని పేరు మార్చుకున్నాయి. ఆయన బతికి ఉన్నప్పుడు ఆ ఊరితో ఏ సంబంధమూ లేదు. కొడుకులు 2010లో కోర్టుకు పోయారు, సుప్రీంకోర్టు 2015లో వినడానికి ఒప్పుకోలేదు. ఆయన ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

పుస్తకం దొరికింది

పతకాల సంగతి అట్లనే ఉండిపోలేదు. జిమ్ పిల్లలు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. రాబర్ట్ వీలర్ అనే రచయిత, ఆయన భార్య ఫ్లోరెన్స్ రిడ్లన్ దీని వెంట పడ్డారు. అమెరికాలోని అతి పెద్ద గ్రంథాలయంలో వెతికి వెతికి, 1912 నియమావళి పుస్తకాన్ని రిడ్లన్ పట్టుకుంది. 30 రోజుల నియమం అందులో అచ్చయి ఉంది. దాన్ని ముందు పెట్టేసరికి ఎవరూ కాదనలేకపోయారు. 1982లో ఒలింపిక్ కమిటీ ఒప్పుకుంది. 1983 జనవరిలో నమూనా పతకాలను జిమ్ పిల్లలకు ఇచ్చారు. కాని పుస్తకాల్లో ఆయనను ఇద్దరు విజేతల్లో ఒకడుగానే రాశారు.

ఆదివాసి సంఘాలు మళ్ళీ కదిలాయి. వీస్లాండర్ కుటుంబం వాళ్ళు, స్వీడన్, నార్వే ఒలింపిక్ కమిటీల వాళ్ళు కూడా గెలుపు థోర్ప్‌దే అన్నారు. 2022 జూలైలో ఆయన ఒక్కడే విజేత అని ప్రకటించారు. స్టాక్‌హోంలో ఉరికిన నాటి నుంచి సరిగ్గా 110 ఏళ్ళు. 2024లో అమెరికా ప్రభుత్వం ఆయనకు దేశ అత్యున్నత పౌర పురస్కారం కూడా ఇచ్చింది.

మనం నేర్చుకోవలసినది

ఆటలు ఆడితే బతుకు బాగైతదని నేను ఈ కథ చెప్పలేదు. జిమ్ అంత ఆడినా బీదవాడుగానే పోయాడు. ఆయన నుంచి నేను తెలుసుకున్నవి రెండు.

మొదటిది, కార్లైల్ బడి ఆయన జుట్టు, బట్టలు, భాష మార్చింది. కాని శాక్ అండ్ ఫాక్స్ పిల్లవాడు నది ఒడ్డున నేర్చిన ఉరుకుడును మార్చలేకపోయింది. ఆ ఉరుకుడే ఆ బడికి పేరు తెచ్చింది. ఆ బడి 1918లో మూతపడింది. ఈ రోజు లోకం దాని పేరు తలుచుకునేది ఎక్కువగా ఆయన వల్లనే. మన గూడెం నుంచి మనం తెచ్చుకున్నది ఏదైనా, భాష గాని, పాట గాని, చెట్టెక్కే నేర్పు గాని, బడిలో దాచుకోవలసిన అవసరం లేదు.

రెండోది పెద్దలకు కూడా. పిల్లవానికి ఆపద వచ్చిన రోజు ఒక్క పెద్దమనిషి నియమావళి తెరిచి చదివి ఉంటే, ఆ బాధ 110 ఏళ్ళు సాగేది కాదు. కాబట్టి సార్లకు నా మనవి. ఆటలపోటీలకు, పరీక్షలకు, స్కాలర్‌షిప్‌లకు మమ్మల్ని పంపేటప్పుడు దరఖాస్తు మీద సంతకం చేయించి ఊరుకోకండి. వయసు నియమం ఏమిటి, చివరి తేదీ ఏది, అన్యాయం జరిగితే ఎన్ని రోజుల్లో ఎవరికి రాయాలి అనేవి మాకు చదివి చెప్పండి. మిత్రులారా, మీరు కూడా అడగడానికి సిగ్గుపడకండి. రాబోయే ఆటలపోటీల నియమాల కాగితం వస్తే దాన్ని ఈ గోడపత్రిక పక్కనే అంటించమని నేను వార్డెన్ సార్‌ను కోరుతున్నాను. ఉరికేది మనమే అయినప్పుడు దాని కాగితం కూడా మనమే చదువుకుందాం.

– పదవ తరగతి విద్యార్థి